గిరిజన మహిళలు నేసిన శాలువా, సగం డబ్బు ఆడపిల్లల చదువుకి అంటే నమ్మేశాను. మీరు మాత్రం తిరగేసి చూసి కొనండి

విశాఖ, విజయనగరం వైపు చేనేత ఎగ్జిబిషన్లకి వెళ్లేవాళ్ల కోసం రాస్తున్నాను. నాకు పోయింది 3,800 రూపాయలు. అంతకంటే ఎక్కువ పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారని తర్వాత తెలిసింది.

పోయిన నెల ఒక కల్యాణమండపంలో పెట్టిన ఎగ్జిబిషన్‌కి నేనూ, మా ఆఫీసులో స్నేహితురాలూ వెళ్లాం. పొందూరు, మంగళగిరి స్టాళ్లు దాటాక ఒక మూల వెదురు తడికలు కట్టి, వెనక కొండల ఫొటో పెట్టి ఒక స్టాలు ఉంది. తెల్లటి ముతక శాలువాల మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో గీతలు, త్రికోణాలు. చూడగానే చెయ్యి అటే పోయింది. ఒక్కో శాలువాకి ఒక అట్టముక్క వేలాడుతోంది. దాని మీద ఒక గిరిజన మహిళ ఫొటో, పేరు, వయసు. కింద ఇలా ఉంది: ‘నియమగిరి కొండల్లో డోంగ్రియా కోంద్ మహిళ మగ్గం మీద నేసిన శాలువా. మీరిచ్చే ప్రతి రూపాయిలో సగం అక్కడి ఆడపిల్లల చదువుకి.’

పూర్ణా మార్కెట్‌లో కొత్తిమీర కట్ట దగ్గర కూడా బేరమాడే మనిషిని నేను. అక్కడ నోరు పెగల్లేదు. స్టాలులో అమ్మే ఆవిడ నాలుగు వేలు అని చెప్పి, నేను అడక్కుండానే తనే రెండు వందలు తగ్గించింది. తగ్గించినందుకు నాకే సిగ్గేసింది. బిల్లు అడిగితే ‘ట్రస్టు పని కదా మేడమ్, వాట్సాప్‌లో పంపుతాం’ అంది. క్యూఆర్ స్కాన్ చేస్తే ఫోన్‌లో ట్రస్టు పేరు రాలేదు, ఎవరో మగమనిషి పేరు వచ్చింది. చూశాను. చూసి కూడా పిన్ కొట్టేశాను. ఇప్పటికీ నన్ను నేను తిట్టుకునేది ఆ ఒక్క క్షణానికే.

తర్వాతి వారం మజ్జిగౌరమ్మ దర్శనానికి రాయగడ వెళ్లాను. మా పిన్ని వాళ్లుండేది అక్కడే. పార్వతీపురం దాటితే ఒడిశా అన్నమాటే గానీ రాయగడ బజార్లో సగం మాటలు తెలుగే. నియమగిరి కొండలు ఆ జిల్లాలోనూ, పక్కన కలహండిలోనూ ఉన్నాయి. సరిగ్గా ఆ ఊరికే వెళ్తున్నాను కదా అని గొప్పగా శాలువా కప్పుకుని దిగాను.

మా పిన్ని ముప్పై ఏళ్లుగా బ్లౌజులు కుడుతోంది. శాలువా చేతికివ్వగానే ముందు వైపు చూడనే లేదు. టక్కున తిరగేసింది. ‘ఎంతకి కొన్నావే?’ అంది. చెప్పాను. ‘ఇది కంప్యూటర్ వర్కు, మిషను మీద కుట్టింది’ అంది.

వెనక వైపు ముందెన్నడూ నేను చూడలేదు. ముందు మూడు రంగులుంటే వెనకంతా ఒకటే తెల్లదారం. అది బాబిన్ దారమట. మిషను కింద నుంచి వచ్చేది ఎప్పుడూ అదే. త్రికోణాల వెనక కాగితం లాంటి తెల్లగుడ్డ అంటుకుని ఉంది. కుట్టేటప్పుడు బట్ట ముడుచుకోకుండా వేస్తారు, పనయ్యాక చింపేస్తే అంచుల్లో ముక్కలు మిగిలిపోతాయి. పిన్ని గోరుతో ఒక ముక్క పీకి నా అరచేతిలో పెట్టింది. ‘ముప్పై ఆరు త్రికోణాలు లెక్కపెట్టాను, ఒక్కటి కూడా అర నూలు తేడా లేదు. చేత్తో ఎవరు కుడతారే ఇలాగ?’ అంది. ఒక ఆకుపచ్చ దారం తీసి అగ్గిపుల్లతో అంటించింది. నూలు దారమైతే కాగితంలా కాలి బూడిదవ్వాలి. ఇది కరిగి నల్లటి పూసలా గట్టిపడింది. పాలియెస్టర్.

రెండిళ్ల అవతల ఒక రిటైర్డ్ మాస్టారు ఉన్నారు. బిస్సంకటక్ వైపు చాలా ఏళ్లు పనిచేశారు. వాళ్లింట్లో అసలు శాలువా ఉందని పిన్ని నన్ను అక్కడికి లాక్కెళ్లింది. మాస్టారు అట్టముక్క చదివి నవ్వారు. ‘వాళ్లు నెయ్యరమ్మా. కుడతారు’ అన్నారు.

అక్కడే నాకు కళ్లు తెరుచుకున్నాయి. డోంగ్రియా కోంద్ మహిళలు చేసేది నేత కాదు, కుట్టుపని. దాన్ని కపడాగండా అంటారు. ముతక తెల్లబట్టని కింది ఊళ్లలో డోం కులస్థులు మగ్గం మీద నేస్తారు. వీళ్లు ఆ బట్ట తెచ్చుకుని దాని మీద సూదితో కుడతారు. గీసుకునేది ఏమీ లేదు, బట్టలోని పోగుల్ని లెక్కపెట్టుకుంటూ పోవడమే. ఆ గీతలు, త్రికోణాలు వాళ్ల కొండలు. పొలం పనుల మధ్య తీరిక దొరికినప్పుడు కుడతారు కాబట్టి ఒక శాలువాకి నెలలు పడుతుంది. పెళ్లికాని ఆడపిల్లలు మనసిచ్చిన వాడికో, అన్నదమ్ములకో కుట్టి ఇస్తారట. మనం బ్లౌజులకి మగ్గం వర్క్ అంటాం కదా, స్టాలువాళ్లు ఆ అర్థంలో రాశారేమో అని మొదట సర్దిచెప్పుకోబోయాను. కానీ అట్ట మీద ‘నేసిన’ అని స్పష్టంగా ఉంది. ఎవరి పేరు అమ్ముకుంటున్నారో వాళ్ల పనేంటో కూడా తెలియని మనుషులు వాళ్లు!

మాస్టారి శాలువా పక్కన పెట్టి చూస్తే ఇక మాట్లాడటానికేమీ లేదు. వెనక కూడా అవే రంగులు, అక్కడక్కడ చిన్న ముడులు. ఒక వరసలో ఒక త్రికోణానికి గీత తక్కువ పడింది. నాకు ఆ తక్కువ పడిన చోటే ముద్దొచ్చింది.

ఇంటికొచ్చాక స్నేహితురాలికి ఫోన్ చేసి తన అట్టముక్క ఫొటో పంపమన్నాను. నా అట్ట మీద ఉన్న మహిళే తన అట్ట మీదా ఉంది. ఫొటో అదే, పేరు వేరు. వయసు ఏడేళ్లు తక్కువ.

స్టాలు నంబర్‌కి మెసేజ్ పెట్టాను. మొదటి జవాబు: ‘మేడమ్, అది ట్రైబల్ ఇన్‌స్పైర్డ్ డిజైన్.’ అలాగని ముందే చెప్పి ఎనిమిది వందలకి అమ్మితే నాకు గొడవే లేదు, కంప్యూటర్ వర్కు చేసేవాళ్లూ కష్టజీవులే. ట్రస్టు రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే ‘ప్రాసెస్‌లో ఉంది’ అన్నారు. ఏ బడికి, ఎంతమంది పిల్లలకి ఇచ్చారని అడిగాను. బ్లాక్ చేశారు.

బ్యాంకులో అడిగితే పిన్ నేనే కొట్టాను కాబట్టి వెనక్కి రప్పించడం తమ చేతిలో లేదన్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. వాళ్లు తెలుగులోనూ మాట్లాడతారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు, గడువు 2 ఏళ్లు. నా దగ్గర బిల్లు లేదు గానీ అట్టముక్క, పేమెంటు స్క్రీన్‌షాట్, వాట్సాప్ మాటలు ఉన్నాయి. అందుకే చెప్తున్నా, అట్టముక్క పారేయకండి.

కొనేముందు వెనక చూడండి, అంతా ఒకటే తెల్లదారమా కాదా అని చూడటానికి నిపుణత అక్కర్లేదు. డబ్బు ఎవరి పేరు మీద పడుతోందో పిన్ కొట్టేలోపే చూసుకోండి. ట్రస్టు అన్నాక ట్రస్టు ఖాతా ఉండాలి. ‘80జీ కూడా వస్తుంది మేడమ్’ అని, అంటే విరాళానికి ఇచ్చే ఆదాయపు పన్ను మినహాయింపు వస్తుందని, నా స్నేహితురాలికి చెప్పారట. వస్తువు కొన్నదానికి అది రాదు. విరాళం ఇస్తేనే వస్తుంది, అప్పుడు కూడా ఆ సంస్థ విరాళం సర్టిఫికెట్ ఇవ్వాలి. సంస్థ పేరు నీతి ఆయోగ్ వాళ్లు స్వచ్ఛంద సంస్థల వివరాలు పెట్టే దర్పణ్ పోర్టల్‌లో వెతకొచ్చు. అందులో పేరు కనబడినంత మాత్రాన మంచివాళ్లని కాదు, కనీసం ఉన్నారని తెలుస్తుంది.

ఇంకొకటి. కపడాగండాకి 2024 జనవరిలో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ప్రాంతపు సరుకు అని చెప్పే ప్రభుత్వ గుర్తింపు వచ్చింది, మయూర్‌భంజ్ ఎర్రచీమల పచ్చడికి వచ్చిన రోజుల్లోనే. స్టాలులో ఆ జీఐ గుర్తుని పెద్దగా ప్రింటు వేసి పెట్టారు. గుర్తు ఎవరైనా ప్రింటు వేసుకోవచ్చు, వాడుకునే హక్కు మాత్రం రిజిస్టరైన వాడకందారులకే ఉంటుంది. ఆ వాడకందారు రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. మొహం చూస్తే అర్థమైపోతుంది.

అసలుది కావాలంటే బిస్సంకటక్ దగ్గర చాటికోనాలో బుధవారం జరిగే సంతకి వెళ్లమన్నారు మాస్టారు. కొండ మీది నుంచి డోంగ్రియా ఆడవాళ్లు పసుపు, అనాస, అరటి మోసుకుని దిగేది ఆ రోజే. వాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన డెవలప్‌మెంట్ ఏజెన్సీ కూడా చాటికోనాలోనే ఉంది, అక్కడ అడిగితే దారి చెప్తారట. అంత దూరం వెళ్లలేని వాళ్లకి గిరిజనుల సరుకు అమ్మిపెట్టే కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రైఫెడ్ నడిపే ట్రైబ్స్ ఇండియా దుకాణాలున్నాయి. అక్కడ కూడా తిరగేసే కొనండి.

2013లో నియమగిరి కొండల మీద బాక్సైట్ తవ్వకం వద్దని 12 గ్రామసభల్లో ఒక్కటి కూడా తగ్గకుండా చెప్పిన మనుషులు ఈ కొండవాళ్లు. వాళ్ల పేరు చెప్పి ఎక్కడో మిషను మీద దించి అమ్ముతుంటే, రేపు నిజంగా నెలల తరబడి కుట్టిన శాలువా ఎవరైనా తెస్తే ‘పోయినసారి 3,800కే ఇచ్చారే’ అని మనమే బేరమాడతాం. నా కోపం అసలు దాని మీద.

స్టాలు పేరు ఇక్కడ రాయట్లేదు, ఫిర్యాదు నడుస్తోంది. ఎరుపు అంచున్న గోధుమరంగు అట్టముక్క, దాని మీద ఎడమ చెయ్యి నుదుటికి ఆనించుకుని నవ్వుతున్న మహిళ ఫొటో ఉంటే మీదీ అక్కడిదే. మీ అట్ట మీద ఆమె పేరు ఏమని రాశారో ఫొటో తీసి నాకు పంపండి. ఇప్పటికి నాలుగు పేర్లు దొరికాయి, అన్నీ ఫిర్యాదుకి జతచేస్తాను.