కేసు లిస్టింగ్ ఉందని చెప్పి అమ్ముతున్న ఇన్వెంటరీ (సరుకు లెక్క చూసే) సాఫ్ట్‌వేర్ కొంటున్నారా, డబ్బు కట్టేముందు ఇది చూడండి

ఆన్‌లైన్‌లో సరుకు అమ్మేవాళ్లు, ముఖ్యంగా ఒకే ఐటమ్‌ని విడి ప్యాకెట్లుగానూ కేసులుగానూ (అంటే ప్యాకెట్లు నింపిన అట్టపెట్టెలుగానూ) అమ్మేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు, ఇదే లోపం వేరే సాఫ్ట్‌వేర్‌లో కూడా ఉండొచ్చు, పేరు చూసి ఆ ఒక్కటీ వదిలేసి ఇంకోదాంట్లో ఇరుక్కుంటారు.

మాది గుంటూరండీ, కారం, పసుపు, పొడులు అమ్ముతాం. 200 గ్రాముల కారం ప్యాకెట్లు 50 పెడితే ఒక కేసు. ఇళ్లవాళ్లు ఒకటో రెండో ప్యాకెట్లు తీసుకుంటారు, హైదరాబాద్, బెంగళూరు మెస్సులవాళ్లు కర్రీ పాయింట్లవాళ్లు కేసులే అడుగుతారు. ఎవరు కొన్నా సరుకు ఒకటే, గోడౌన్‌లో ఒకే ర్యాకులోంచి తీస్తాం. కాబట్టి సాఫ్ట్‌వేర్ చెయ్యాల్సిన పని ఏంటంటే, ర్యాకులో 120 ప్యాకెట్లు ఉంటే ప్యాకెట్ లిస్టింగ్‌లో (ఆన్‌లైన్‌లో కొనేవాళ్లకి కనపడే పేజీలో) 120 చూపించాలి, కేసు లిస్టింగ్‌లో 2 చూపించాలి. ఒక కేసు అమ్ముడైతే 70, 1 కావాలి. ఆ తర్వాత 21 ప్యాకెట్లు విడిగా పోతే 49 మిగుల్తాయి, అప్పుడు కేసు లిస్టింగ్ ఆ క్షణమే సున్నా కావాలి. కేసు లిస్టింగ్ అంటే ఇదేనండీ, ఇది లేకపోతే అది లిస్టింగే కాదు.

మేము కొన్న సాఫ్ట్‌వేర్ డెమోలో మాకు చూపించింది ఏంటంటే, ఎక్సెల్ టెంప్లేట్‌లో కేస్ క్వాంటిటీ అని ఒక కాలమ్ ఉంది, దాంట్లో 50 అని కొట్టి అప్‌లోడ్ చేస్తే కేసులన్నీ ఒకేసారి లిస్ట్ అయిపోతాయి అన్నారు, అయ్యాయి కూడా, స్క్రీన్ మీద చూడ్డానికి చాలా బాగుంది. ఏడాదికి ప్లాన్ తీసుకుంటే తగ్గింపు అన్నారు, దానిమీద 18% జీఎస్టీ, మొత్తం ముందే కట్టించుకున్నారు. వాడటం మొదలెట్టాక తెలిసింది, ఆ కాలమ్‌లో కొట్టే 50 కేవలం పేరు పక్కన కనపడటానికే, స్టాక్‌తో దానికి ఏ సంబంధమూ లేదు! కేసుకి వేరే ఎస్‌కేయూ (ఐటమ్ కోడ్), దానికి వేరే స్టాక్ నంబర్. అడిగితే రెండూ లింక్ అవ్వాలంటే బండిల్ ఫీచర్ ఉండాలి, అది పై ప్లాన్‌లో ఉంది అన్నారు. డెమో చూపించిన మనిషి ఈ ముక్క ఒక్కసారి కూడా అనలేదు, మేము మా వ్యాపారం ఇదీ అని విడమరిచి చెప్పాక కూడా.

సరే అని పై ప్లాన్‌కి కూడా కట్టాం. అసలు నష్టం అక్కడే జరిగింది. ఆ బండిల్ ఒకవైపే పనిచేస్తుంది. కేసు అమ్మితే ప్యాకెట్ల స్టాక్‌లో 50 తగ్గుతుంది, బానే ఉంది. కానీ ప్యాకెట్లు విడిగా అమ్ముడైతే వాళ్ల స్క్రీన్ మీద కేసుల సంఖ్య తగ్గుతుంది గానీ మార్కెట్‌ప్లేస్‌కి (మనం సరుకు అమ్మే సైట్‌కి) ఆ కొత్త నంబర్ వెళ్లట్లేదు, అక్కడ పాత నంబరే ఉండిపోతుంది. మామూలు రోజుల్లో స్టాక్ నిండా ఉంటుంది కాబట్టి బయటపడలేదు. సంక్రాంతి ముందు ప్యాకెట్లు జోరుగా పోయాయి, ర్యాకులో అర కేసు కూడా లేదు, అక్కడ మాత్రం కేసులు ఉన్నట్టే కనపడుతున్నాయి, ఆర్డర్లు పడుతూనే ఉన్నాయి. పండగ పూట సరుకు ఎక్కడినుంచి తెస్తాం, క్యాన్సిల్ చెయ్యాల్సొచ్చింది, సెల్లర్ క్యాన్సిల్ చేస్తే ఖాతా రేటింగ్ పడిపోతుంది, అది మళ్లీ లేవడానికి ఎంత కాలం పడుతుందో అమ్మేవాళ్లందరికీ తెలుసు. రెగ్యులర్‌గా కేసులు తీసుకునే ఒక మెస్ ఆయన ఇప్పుడు వేరేచోట కొనుక్కుంటున్నాడు, అది నాకు డబ్బుకన్నా ఎక్కువ బాధ.

ఇంకా ఉన్నాయి. బల్క్‌లో కేసు లిస్టింగులు తయారుచేసేటప్పుడు ఈ సాఫ్ట్‌వేర్ ప్యాకెట్ వివరాలన్నీ కేసుకి కాపీ కొట్టేస్తుంది. ప్యాకెట్ ఎమ్మార్పీయే కేసుకి పడుతుంది, అప్పుడు కేసు ధర ఎమ్మార్పీని దాటినట్టు లెక్క, లిస్టింగ్ బ్లాక్ అవుతుంది. బరువు కూడా 200 గ్రాములే పడుతుంది, కేసేమో అట్టపెట్టెతో కలిపి 10 కిలోల పైన, కొరియర్‌వాళ్లు తూకం వేసి తేడా మన దగ్గరే వసూలు చేస్తారు. బార్‌కోడ్ అయితే మరీ ఘోరం. ప్యాకెట్ మీద ఉండేది 13 అంకెల కోడ్, కేసుకి 14 అంకెల కోడ్ వేరే ఉంటుంది, ముందు 1 నుంచి 8 వరకు ఏదో ఒక అంకె చేర్చి, చివరి చెక్ అంకె (కోడ్ సరిగ్గా ఉందో లేదో చూసుకునేది) మళ్లీ లెక్కగట్టాలి. 8901234567890 అనే కోడ్‌కి ముందు 1 పెడితే 18901234567897 అవుతుంది, చివరి అంకె మారింది చూడండి. ఈ సాఫ్ట్‌వేర్ మాత్రం రెండిటికీ ఒకే 13 అంకెలు పెట్టేసింది, దాంతో కేసు లిస్టింగ్ ప్యాకెట్ పేజీలో కలిసిపోయింది.

కొనుగోలు వైపు కూడా అంతే. కేసు రేటుతో కొనుగోలు బిల్లు ఎక్కిస్తే దాన్ని 50తో భాగించకుండా అదే ప్యాకెట్ ఖరీదుగా రాసుకుంది. స్టాక్ విలువ రిపోర్ట్ చూసి మా ఆడిటర్ గారు ఫోన్ చేసి ఏంటమ్మా ఇంత సరుకు పెట్టావా అని కంగారుపడ్డారు.

రిఫండ్ అడిగితే వార్షిక ప్లాన్‌కి ఉండదన్నారు. వ్యాపారం కోసం కొన్నవి మామూలుగా 2019 వినియోగదారుల చట్టం కిందికి రావు, కేవలం బతుకుతెరువు కోసం స్వయం ఉపాధిగా చేసుకునేవాళ్లకే మినహాయింపు ఉంది. అందుకే ముందే చూసుకోవాలి అంటున్నా.

డబ్బు కట్టకముందు ట్రయల్‌లో మీ సొంత ఐటమ్ ఒకటి పెట్టి, వాళ్ల డెమో ఐటమ్ కాదు, మీ కళ్లముందు అమ్మించి చూడండి. కేసు అమ్మాక ప్యాకెట్లు తగ్గాయా, ప్యాకెట్లు అమ్మాక కేసులు తగ్గాయా, అదీ సాఫ్ట్‌వేర్ స్క్రీన్ మీద కాదు, ఫోన్‌లో మార్కెట్‌ప్లేస్ పేజీ తెరిచి కొనేవాళ్లకి ఎంత కనపడుతుందో చూడాలి. కేసు రిటర్న్ వస్తే 50 ప్యాకెట్లు వెనక్కి చేరాయా, క్యాన్సిల్ అయితే చేరాయా. ఇవన్నీ ఏ ప్లాన్‌లో వస్తాయో మెయిల్‌లో రాయించుకోండి, నోటిమాట వద్దు.

ఇప్పటికే ఇలాంటిదాంట్లో ఉన్నవాళ్లు బండిల్ తీసేసి, కొన్ని సీల్ కేసులు వేరే ర్యాకులో పెట్టి వాటికి వేరే స్టాక్ రాసుకోండి, విడి ప్యాకెట్లు అయిపోతే ఒక కేసు విప్పి ఇక్కడ ఒకటి తగ్గించి అక్కడ 50 చేర్చుకోండి. చేత్తో చేసే పనే, కానీ లేని కేసు మాత్రం అమ్ముడుపోదు, మేము ప్రస్తుతం అలాగే నడుపుతున్నాం. ప్లాన్ అయిపోయేలోపు డేటా మొత్తం డౌన్‌లోడ్ చేసుకోండి, బార్‌కోడ్ కాలమ్‌ని ఎక్సెల్‌లో దశాంశాలు లేని నంబర్ ఫార్మాట్‌లోకి మార్చుకున్నాకే సేవ్ చెయ్యండి, లేకపోతే అంకెలు 8.90ఈ+12 లాగా మారిపోయి సీఎస్‌వీ ఫైల్‌లో అలాగే ఉండిపోతాయి, అప్పుడు కోడ్‌లన్నీ మళ్లీ ప్యాకెట్ చూసి కొట్టుకోవాలి.