సిల్వర్‌స్వోర్డా, టాహినాస్తేనా: ఏది చూడటం మేలు?

హవాయిలోని సిల్వర్‌స్వోర్డ్, స్పెయిన్‌కు చెందిన కానరీ దీవుల్లోని టాహినాస్తే, రెండూ అగ్నిపర్వత దీవుల్లో పుట్టిన మొక్కలే, రెండూ ఒక్కసారే పూసి చనిపోయేవే. అందుకే అమెరికాలో ఉండే మనవాళ్లు హవాయికి వెళ్లాలా, కానరీ దీవులకు వెళ్లాలా అని తరచూ అడుగుతుంటారు.

పూత చూడటమే ముఖ్యమైతే ఎర్ర టాహినాస్తేకు సాటి లేదు. కానరీల్లోని టెనెరీఫ్ దీవిలో తెయ్‌దె పర్వతం చుట్టూ, సుమారు 2,000 మీటర్ల ఎత్తున పెరుగుతుంది. మొదటి ఏడాది ఆకుల గుబురుగానే ఉండి, సాధారణంగా రెండో ఏడాది మూడు మీటర్ల దాకా కంకి వేస్తుంది. మే నెలాఖరులో వెళ్తే వట్టి రాళ్ల మధ్య నిలువెత్తు ఎర్రటి కంకులు, వాటి నిండా తేనెటీగలు.

సిల్వర్‌స్వోర్డ్ అలా మాట ఇవ్వదు. హలేయకలా రకం ప్రపంచం మొత్తంలో హవాయిలోని మావీ దీవిలో హలేయకలా అనే ఒక్క కొండ మీదే, 2,100 మీటర్లకు పైన ఉంటుంది. ఇరవై ఏళ్లకు పూయొచ్చు, తొంభై ఏళ్లకూ పూయొచ్చు. పైగా తన పుప్పొడితో తనకు గింజ కట్టదు. అదే వేసవిలో దగ్గర్లో ఇంకో మొక్క పూయాలి, కీటకాలు ఆ పుప్పొడి తేవాలి.

అయినా నేను మావీకే వెళ్లమంటాను. నా దృష్టిలో అసలు ప్రశ్న, పూలు లేని రోజున చూడటానికి ఏం ఉంటుందన్నదే. పిల్లలకు సెలవులిచ్చి మనం బయల్దేరేసరికి టాహినాస్తే పూత చాలావరకు అయిపోతుంది, ఎండు కంకులే మిగులుతాయి. సిల్వర్‌స్వోర్డ్ పూయకపోయినా వెండి బంతిలా మెరుస్తూ ఉంటుంది. ఆ మెరుపంతా ఆకుల మీది నూగుదే, ఆ ఎత్తులో కాసే ఎండ నుంచి మొక్కను కాపాడేదీ అదే. 1920ల నాటికి పశువులు మేసి, చూడ్డానికొచ్చినవాళ్లు పీక్కెళ్లి దాన్ని దాదాపు అంతం చేశారు. కాపలా పెట్టాక కోలుకుంది. 1990ల నుంచి కొండ దిగువ భాగంలో తేమ తగ్గి మళ్లీ చస్తోంది. ముందు దీన్నే చూడమనడానికి నాకు ఇంకో కారణం అక్కర్లేదు.



మావీలో బాట దిగి మొక్క దగ్గరికి వెళ్లకండి. వేళ్లు పైపైనే ఉంటాయి, అడుగు పడితే నలిగిపోతాయి. సూర్యోదయానికి కొండెక్కాలంటే కారుకు ముందే బుకింగ్ ఉండాలి. మొక్కల కోసమే అయితే ఉదయం ఏడు దాటాక వెళ్లండి, అప్పుడు ఆ బుకింగ్ అక్కర్లేదు.