కాడ్మియం ప్లేటింగ్‌కి పార్టులు ఇచ్చేవాళ్లూ, ఓవెన్ చార్ట్ చూడకుండా లాట్ దించుకోకండి

కోపం ఇంకా తగ్గలేదు, అయినా ఇప్పుడే రాస్తున్నాను. గట్టి స్టీల్ పార్టులు బయట ప్లేటింగ్‌కి ఇచ్చేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఇంకొకరికి ఇలా జరగకూడదు. వ్యవహారం ఇంకా తేలలేదు కాబట్టి షాపు పేరు రాయడం లేదు.

మావి విమానాల్లోకి వెళ్లే బోల్టులు, 4340 అనే మిశ్రమ స్టీల్‌తో చేసినవి. హీట్ ట్రీట్‌మెంట్ తర్వాత కాఠిన్యం రాక్‌వెల్ సి కొలమానంలో 40 దాటినవి. ఆర్డర్‌లో అంతా స్పష్టంగా రాసే ఇచ్చాం: ఏఎంఎస్-క్యూక్యూ-పీ-416 (కాడ్మియం పూతకి వాడే ప్రమాణం), టైప్ 2, క్లాస్ 2. అంటే కనీసం 0.0003 అంగుళం, దాదాపు 8 మైక్రాన్ల కాడ్మియం, పైన క్రోమేట్ అనే తుప్పు ఆపే పలచని రసాయన పొర. ట్యాంకులోంచి తీసిన 4 గంటల్లోపు ఓవెన్‌లో పెట్టాలి, 190 డిగ్రీల సెల్సియస్ దగ్గర 23 గంటలకు తగ్గకుండా ఉంచాలి అని విడిగా ఒక లైను రాసి కింద గీత కూడా గీశాం.

లాట్ వచ్చింది. చూడ్డానికి వంక పెట్టే పనే లేదు. పసుపు రంగు, వెలుతురులో తిప్పితే రంగులు మారే మెరుపు, ఎక్కడా మచ్చ లేదు. మందం సరిపోయింది. సాల్ట్ స్ప్రే, అంటే ఉప్పునీటి తుంపరలో ఉంచి తుప్పు చూసే పరీక్ష, దాని రిపోర్టులో 96 గంటలు పాస్. సర్టిఫికెట్ మీద బేకింగ్ (ఆ ఓవెన్‌లో ఉంచడమే) 23 గంటలు అని ఉంది, కింద ముద్ర, సంతకం.

కొన్ని బోల్టులు ఫిక్చర్‌లో బిగించి, ఇవ్వాల్సిన టార్క్ ఇచ్చి వదిలేశాం. బిగించేటప్పుడు ఏమీ కాలేదు. మర్నాడు పొద్దున చూస్తే ఒక బోల్టు తల ఊడి బెంచీ మీద పడి ఉంది. రాత్రంతా ఎవరూ ముట్టుకోలేదు, లోడ్ పెంచలేదు. చేతిలోకి తీసుకుని చూశాను. తల కింద, షాంక్‌తో కలిసే వంపు దగ్గర అడ్డంగా విరిగింది. సాగిన గుర్తు లేదు, ఎక్కడా సన్నబడలేదు. విరిగిన ముఖం పటికబెల్లం పలుకులా గరుకుగా మెరుస్తోంది.

ఈ పనిలో ఉన్నవాళ్లకి అర్థమైపోయి ఉంటుంది, హైడ్రోజన్. కొత్తవాళ్ల కోసం చెబుతాను. యాసిడ్‌లో ముంచినప్పుడు, ప్లేటింగ్ ట్యాంకులో కరెంటు పారేటప్పుడు హైడ్రోజన్ పుట్టి స్టీల్‌లోకి దూరుతుంది. మెత్తటి స్టీల్ తట్టుకుంటుంది. గట్టి స్టీల్‌ని లోడ్ మీద ఉంచితే, ఆ హైడ్రోజన్ ఒత్తిడి ఎక్కువున్న చోటికి చేరి లోలోపల పగులు పెంచుతుంది. అందుకే బిగించేటప్పుడు కాకుండా గంటల తర్వాతో, రోజుల తర్వాతో విరుగుతుంది. ఆ హైడ్రోజన్‌ని వెళ్లగొట్టడానికే బేకింగ్, ఎందుకంటే పైన ఉన్న కాడ్మియం పొర దాన్ని తేలిగ్గా బయటికి పోనివ్వదు. మెరుపు కోసం బ్రైట్‌నర్ కలిపితే పొర ఇంకా దట్టమవుతుంది.

ఓవెన్ చార్ట్, అంటే ఓవెన్‌లో ఎంత వేడి ఎంతసేపు ఉందో చూపే రికార్డు, పంపమంటే రేపు, ఎల్లుండి అన్నారు. చివరికి పంపిన చార్ట్ మీద లాట్ నంబరు మాది కాదు. అడిగితే టైపింగ్ పొరపాటట. అప్పుడు రూట్ కార్డు, అంటే లాట్‌కి ఏ పని ఎప్పుడు చేశారో రాసే కార్డు, దాని కాపీ తెప్పించుకున్నాం. ప్లేటింగ్ మధ్యాహ్నం పూర్తయిందని, క్రోమేట్ అదే సాయంత్రం పూర్తయిందని వాళ్ల ఆపరేటర్ చేతిరాతలోనే ఉంది. బేకింగ్ ఎప్పుడైనా క్రోమేట్‌కి ముందే జరగాలి, లేకపోతే ఆ వేడికి క్రోమేట్ పొర పాడైపోతుంది. మధ్యాహ్నానికీ సాయంత్రానికీ మధ్య 23 గంటలు ఎలా పడతాయి?

ఇదే మాట ఓనర్‌కి ఫోన్ చేసి అడిగాను. ఆయన కాదనలేదు. "పార్టులు తళతళలాడుతున్నాయి కదా సార్, ఇంకేం కావాలి? మిగతా కస్టమర్లెవరూ చార్టులు అడగరు. మీకంత అనుమానంగా ఉంటే తిప్పి పంపండి, ఇప్పుడు బేక్ చేసిస్తాం" అన్నాడు.

ఇప్పుడు బేక్ చేసిస్తాడట! ఈ మాట దగ్గరే నాకు ఒళ్లు మండిపోయింది. 4 గంటల నియమం ఎందుకు పెట్టారో తెలిసిన మనిషి ఆ మాట అనడు. తెలిసి కూడా అంటే ఇంకా ఘోరం. ఆలస్యమైతే లోపల పగుళ్లు అప్పటికే మొదలై ఉండొచ్చు. బేకింగ్ హైడ్రోజన్‌ని వెళ్లగొడుతుంది గానీ పడిన పగులును అతకదు. ఓవెన్ ఖాళీ లేదు, బేక్ చేయలేకపోయాం అని ఆ రోజే ఒక్క ఫోన్ కొట్టి ఉంటే లాట్ పక్కన పెట్టి మాట్లాడుకునేవాళ్లం. అలా చెప్పకుండా, చేయని పనికి సంతకం పెట్టారు. విమానంలోకి వెళ్లే బోల్టు అని తెలిసే పెట్టారు. నేను క్షమించలేనిది అదే.

కాడ్మియం విషం అని తెలిసినా ఈ రంగంలో ఇంకా వదలలేకపోవడానికి కారణాలున్నాయి. ఉప్పుగాలిలో స్టీల్‌ని కాపాడుతుంది, అల్యూమినియం పక్కన పెట్టినా తుప్పు గొడవ తక్కువ, జారుడు గుణం వల్ల టార్క్ నిలకడగా వస్తుంది. పార్టును కాపాడాల్సిన పూత వేస్తూనే దాన్ని లోపల నుంచి చంపేశారు.

లాట్ మొత్తం స్క్రాప్. దాన్ని కూడా గ్రైండర్‌తో, గ్యాస్ కటింగ్‌తో ముట్టుకోవద్దని మావాళ్లకి గట్టిగా చెప్పాను. కాడ్మియం పొగ, ధూళి పీలిస్తే ప్రాణాలకే ముప్పు.

మీరు చేయగలిగింది చెబుతాను. సర్టిఫికెట్‌తో పాటే ఓవెన్ చార్ట్, రూట్ కార్డు రెండూ రావాలని ఆర్డర్‌లోనే రాయండి. ట్యాంకులోంచి తీసిన టైము, ఓవెన్‌లో పెట్టిన టైము, క్రోమేట్ చేసిన టైము పక్కపక్కన పెట్టి చూడండి. హైడ్రోజన్ వల్ల పెళుసుబారిందో లేదో చూసే ఏఎస్‌టీఎమ్ ఎఫ్519 పరీక్ష ప్రకారం గాటు పెట్టిన శాంపిళ్లను 75 శాతం లోడ్ మీద 200 గంటలు ఉంచిన రిపోర్టు అడగండి. నాడ్‌క్యాప్ (విమాన రంగంలో ఇలాంటి ప్రాసెస్‌లకి ఇచ్చే గుర్తింపు) ఉందని చెబితే దాని స్కోపులో కాడ్మియం ఉందో లేదో చూడండి. చార్ట్ లేకుండా దించుకున్న లాట్లు ఇప్పటికే మీ స్టోర్‌లో ఉంటే, సంగతి తేలేదాకా వాటిలో ఒక్క బోల్టు కూడా అసెంబ్లీకి ఇవ్వకండి.