వీటోనా, సంతకం పెట్టి మెలిక పెట్టడమా?

అమెరికా కాంగ్రెస్ పంపిన బిల్లు అధ్యక్షుడికి సగం నచ్చింది, సగం నచ్చలేదు. నచ్చని ముక్కను మాత్రమే తీసేసే వీలు లేదు. ఆ అధికారమిచ్చిన చట్టాన్ని 1998లో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇక ముందున్న దారులు రెండు: వీటో, అంటే బిల్లును తిప్పికొట్టడం, లేదా సంతకంతో పాటు చట్టాన్ని తానెలా అన్వయిస్తారో చెప్పే ఓ ప్రకటన.

ఆధారం: వీటో రాజ్యాంగంలోనే ఉంది. ప్రకటన ఊసే అందులో లేదు.

శ్రమ: వీటో అయితే ఆదివారాలు పోను పది రోజుల్లో అభ్యంతరాలు రాసి బిల్లు వెనక్కి పంపాలి. ప్రకటనకు నాలుగు పేరాలు చాలు.

రిస్క్: ఉభయ సభల్లో మూడింట రెండు వంతుల ఓట్లు పడితే వీటో వీగిపోతుంది, పరువూ పోతుంది. ప్రకటనను ఓడించే ఓటింగే లేదు. అసలు తిరకాసు ఇక్కడే. ఖైదీలను క్రూరంగా చూడకూడదన్న నిబంధనకు 2005లో ఎగువ సభ సెనేట్ 90-9తో మద్దతిచ్చింది. అప్పటి అధ్యక్షుడు బుష్ సంతకం చేశారు. కానీ సర్వసైన్యాధ్యక్షుడిగా తన అధికారాలకు తగ్గట్టే దాన్ని అన్వయిస్తానని ప్రకటనలో రాశారు. అప్పటికి ఆయన ఒక్క వీటో కూడా వాడలేదు! నన్నడిగితే ఇది దొడ్డిదారి వీటో. అయితే ఒకటి, ప్రకటనకు చట్టబలం లేదు. చట్టంలో అక్షరం మారదు, తర్వాతి అధ్యక్షుడు ఆ ప్రకటనను పక్కన పడేయొచ్చు.

ఎవరికి ఏది: బిల్లు మొత్తమే నచ్చక, ఏదో ఒక సభలో మూడో వంతుకు మించి తనవాళ్లుంటే వీటో. 2017 రష్యా ఆంక్షల బిల్లులా సెనేట్‌లో 98-2తో గట్టెక్కి వస్తే వీటో దండగ. ట్రంప్ సంతకం పెట్టేసి, ప్రకటనలో విసుక్కున్నారు.