జాగ్రత్త: సీల్ తీయమన్నదీ వాళ్లే, సీల్ తీశారు కదా అన్నదీ వాళ్లే

చేతుల జిడ్డు ఇంకా వదల్లేదు, కోపం అసలే వదల్లేదు. తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

నాకు బ్రేక్ ఆయిల్ అమ్మిన ఆ సెల్లర్ పేరు రాయను, రాయక్కర్లేదు కూడా. ఆన్‌లైన్లో బ్రేక్ ఆయిల్ అని కొట్టగానే అందరికన్నా పైన, అందరికన్నా తక్కువ ధరకి కనిపించేవాళ్లే. మీలో ఎంతమంది కార్ట్‌లో ఈపాటికి ఆ బాటిల్ పడి ఉందో నాకు తెలీదు. ఉంటే ముందు దాన్ని తీసేసి, తర్వాత మిగతాది చదవండి.

వెనక కథ రెండు ముక్కల్లో చెప్పేస్తా. ఆయిల్ మార్చి రెండేళ్లు దాటింది, ఆయిల్లో నీరు ఎంత చేరిందో చెప్పే టెస్టర్ పెన్ను ముంచితే ఎర్ర లైటు వెలిగింది. డాట్ 4 (బ్రేక్ ఆయిల్లో ఓ రకం) అర లీటరు బాటిళ్లు మూడు ఆర్డర్ పెట్టాను. రెండు సరిపోతాయి, ఒకటి చేతిలో ఉంటే మంచిదని. (ఆ మూడోదే నా కొంప ముంచింది.) శనివారం పొద్దున్నే నేను, తమ్ముడు కారుని స్టాండ్ల మీద ఎక్కించి మొదలుపెట్టాం.

పని మాత్రం పద్ధతిగా చేశాం, ఆ మాట గట్టిగా చెప్తా. రిజర్వాయర్లో, అంటే బోనెట్ కింద బ్రేక్ ఆయిల్ ఉండే డబ్బాలో, పాత ఆయిల్ కొత్త సిరంజితో లాగేశా. మాన్యువల్లో ఏ చక్రం తర్వాత ఏ చక్రం అని ఉందో అదే వరస. తమ్ముడు పెడల్ దగ్గర, నేను చక్రం దగ్గర ఆయిల్ బయటికి వదిలే నిపుల్ దగ్గర. "నొక్కు... పట్టుకో... ఆఁ, ఇప్పుడు వదులు." నిపుల్ బిగించాకే వాడు కాలు తీసేవాడు. పెడల్ పూర్తిగా అడుగుకి దిగకుండా కింద చెక్క ముక్క కూడా పెట్టా, మాస్టర్ సిలిండర్లో (పెడల్ నొక్కితే ఆయిల్‌ని చక్రాలకి తోసేది అదే) రబ్బరు కప్పులు ఎప్పుడూ వెళ్లని చోట తుప్పుంటే అవి గీసుకుపోతాయని. రిజర్వాయర్ ఒక్కసారి కూడా ఖాళీ కానివ్వలేదు. పైపులో ఒక్క బుడగ లేదు. పెడల్ రాయిలా గట్టిగా వచ్చింది. అన్నీ సరిగ్గా చేశా, పోసిన సరుకు తప్ప.

ఇప్పుడు నన్ను నేను తిట్టుకునే భాగం.

రెండో చక్రం చేస్తుంటే బాటిల్ చేయి జారి ఫెండర్ మీద ఓ చెంచాడు ఒలికింది. బ్రేక్ ఆయిల్ పెయింట్‌ని తినేస్తుందని మీకు తెలిసిందే. గుండె జారిపోయి పరిగెత్తుకెళ్లి మగ్గుతో నీళ్లు గుమ్మరించా. మామూలుగా నీళ్లు పోస్తే బ్రేక్ ఆయిల్ వాటిలో కలిసి కొట్టుకుపోవాలి. ఇక్కడ నీళ్లే బొట్లు బొట్లుగా జారిపోయాయి, జిడ్డు మాత్రం కదలకుండా మెరుస్తూ కూర్చుంది. పెయింట్‌కి గీత కూడా పడలేదు. "అన్నయ్యా, మంచి కంపెనీదిలా ఉందే, పెయింట్ కూడా పోలేదు" అన్నాడు తమ్ముడు. నేను అవునన్నట్టు తలూపా. తలూపా అండీ! మూడు రోజులుగా ఆ తలూపడమే గుర్తొచ్చి పళ్లు కొరుక్కుంటున్నా.

అది చాలదన్నట్టు, అయిపోయాక పెన్ను మళ్లీ ముంచి చూశా. పచ్చ లైటు. మహా తృప్తి. ఆ పెన్ను నేరుగా నీటిని కొలవదు, ద్రవంలో కరెంటు ఎంత పారుతుందో చూసి నీటి శాతం అంచనా వేస్తుంది. నూనెలో కరెంటు పారదు. ఇంజిన్ ఆయిల్‌లో ముంచినా అది పచ్చ లైటే వెలిగించి నన్ను మెచ్చుకునేది. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ గుర్తు రాలేదు, అంతే.

ఆదివారం కారు తీయలేదు. సోమవారం వీధి చివరి దాకా బాగానే వెళ్లింది. తర్వాత ఎవరో వెనక నుంచి పట్టుకుని లాగుతున్నట్టు బరువెక్కింది. పెడల్ మీద కాలు తీసినా బ్రేకులు వదలడం లేదు. ఎలాగో పక్కకి ఆపి దిగితే, ముందు చక్రం దగ్గర చెయ్యి పెట్టలేనంత సెగ, మాడు వాసన. చల్లారేదాకా కూర్చుని, ఓ నిపుల్ కొంచెం లూజు చేశా. సర్రుమని చిమ్మింది, చక్రం వదిలింది. అంటే లోపల ప్రెషర్ ఇరుక్కుపోయి ఉంది.

బోనెట్ ఎత్తి రిజర్వాయర్ మూత తిప్పా. మూత లోపల మెత్తటి రబ్బరు తొడుగు ఉంటుంది కదా, అది వానకి ఉబ్బిన తలుపులా తయారైంది. అంచులు అలలు తిరిగి, మూతలోంచి ఊడి బయటికి వేలాడుతోంది. వేలితో లోపలికి నొక్కితే ఓ పక్క ఎక్కుతుంది, ఇంకో పక్క లేస్తుంది. శనివారం ఇదే రబ్బరుని గుడ్డతో తుడిచి, ఒక్క నొక్కుతో మూతలో పెట్టింది నేనే. పైన ఉన్న రబ్బరే ఇలా ఉంటే మాస్టర్ సిలిండర్ లోపలి కప్పుల గతేంటి? పెడల్ వదిలినప్పుడు ఆయిల్ వెనక్కి రావడానికి అక్కడ సన్నటి రంధ్రం ఉంటుంది. కప్పు ఉబ్బి దాన్ని మూసేస్తే ఆయిల్ తిరిగి రాదు, బ్రేకులు పట్టేస్తాయి. వేడెక్కేకొద్దీ ఇంకా బిగుస్తాయి.

ఇంటికి తోయించుకొచ్చి రెండు గాజు గ్లాసుల్లో నీళ్లు పోశా. ఒకదాంట్లో కారు నుంచి తీసిన పాత ఆయిల్ నాలుగు చుక్కలు వేశా. తీగలు తీగలుగా కిందికి దిగి, ఓసారి కదపగానే కలిసిపోయింది. రెండో గ్లాసులో రెండో బాటిల్ అడుగున మిగిలిన కొత్తది. పైనే గుండ్రంగా తేలింది. చెంచాతో తిప్పితే ముక్కలై, తిప్పడం ఆపగానే మళ్లీ పైకి చేరింది. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 మూడూ నీళ్లలో కలిసేవే. సిలికాన్‌తో చేసే డాట్ 5 ఒక్కటే కలవదు, దానికి ఊదా రంగు వేస్తారు. నా గ్లాసులో ఉన్నది లేత పసుపు రంగు మామూలు నూనె. అంటే 'డాట్ 4' అని రాసి ఉన్న బాటిల్లో ఏదో మినరల్ ఆయిల్ నింపి అమ్మారు. బ్రేకుల్లో వాడే రబ్బరు అది తగిలితే ఉబ్బిపోతుంది.

ఇక ఆ మహానుభావుల సంగతి.

ఫోటోలు పెట్టి మెసేజ్ చేశా. మొదటి జవాబు: "మీరు ఇంజిన్ ఆయిల్ తీసిన సిరంజి వాడి ఉంటారు సార్." సరే, అది అడగాల్సిన ప్రశ్నే. కొత్త సిరంజి అని చెప్పా, గ్లాసులో వేసింది నేరుగా బాటిల్లోంచే అనీ చెప్పా. రెండో జవాబు: "నీళ్లలో కలవకపోతే ఏంటి సార్, మీరు బ్రేకుల్లో పోసేది నీళ్లు కాదు కదా?" ఇది చదివి నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

తర్వాత గొంతు మార్చారు. చాలా మర్యాదగా: "మూడో బాటిల్ సీల్‌తోనే ఉందన్నారు కదా సార్. సీల్ బాగా కనిపించేలా చూపించి, వీడియోలోనే తీసి, నీళ్లలో వేసి పంపండి. తేడా ఉంటే మొత్తం డబ్బు వాపస్ ఇస్తాం."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఈ కాలంలో కూడా ఇంత పద్ధతిగా మాట్లాడేవాళ్లున్నారా అనుకున్నా. తమ్ముడు ఫోన్ పట్టుకున్నాడు. బాటిల్ నలువైపులా తిప్పి, మూత చుట్టూ ఉన్న రింగు చూపించి, మూత తీసి, రేకు సీల్ కొస గోటితో పట్టుకున్నా. లాగక్కర్లేకుండానే వచ్చేసింది. అంచు చుట్టూ తెల్లటి బంక. చుక్కలు గ్లాసులో వేశా, పైనే తేలాయి. ఎక్కడా కట్ చేయని వీడియో. పంపా.

నలభై నిమిషాలకి జవాబొచ్చింది. అక్షరం మార్చకుండా రాస్తున్నా: "సార్, మీ వీడియో చూశాం. ఈ బాటిల్ సీల్ తెరవబడింది. తెరిచిన ద్రవాలకు రిటర్న్ వర్తించదు. మీ రోజు శుభంగా గడవాలి."

రెండుసార్లు చదివా. మీరే కదా తీయమన్నది అని ఫోన్ చేశా. ఫోనెత్తిన మనిషి ఒక్క ముక్క వినలేదు. "బ్రేకులు మెకానిక్ పని సార్. వీడియోలు చూసి ఇంట్లో చేసుకుంటే ఇలాగే ఉంటుంది. మా సరుకుకి ఎవరికీ రాని ప్రాబ్లం మీకే ఎందుకొచ్చింది?" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. చాట్ తెరిస్తే నేను పంపిన మెసేజ్ వెళ్లడం లేదు. బ్లాక్.

రాత్రి పడుకున్నాక అసలు సంగతి వెలిగింది. మూడో బాటిల్లో ఏముందో వాళ్లకి తెలుసు. సీల్‌తో ఉన్న ఒకే ఒక్క సాక్ష్యం నా దగ్గరుంది. దాన్ని నా చేతే తెరిపించి, వీడియో కూడా నా చేతే తీయించారు. మీ తెలివికి దండం రా నాయనా.

మెకానిక్ చూసి ఒకటే మాట అన్నాడు, రబ్బరు ఉన్నవన్నీ మారాలి. మాస్టర్ సిలిండర్, నాలుగు చక్రాల సీల్స్, హోసులు, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ యూనిట్. మళ్లీ మంచి ఆయిల్‌తో కడిగితే సరిపోదా అని అడిగా. ఉబ్బిన రబ్బరు మళ్లీ తగ్గి కూర్చోదన్నాడు. లెక్క ఇక్కడ రాయను. బాటిల్ మీద నేను మిగుల్చుకున్న ఆ కాస్తా తలచుకుంటే ఇంకా మండుతుంది.

సరే, మీకు పనికొచ్చేది చెప్పాలి కదా. రిజర్వాయర్లో పోసే ముందు నాలుగు చుక్కలు నీళ్లలో వేసి చూడండి, అర నిమిషం పని. కలవకపోతే పోయకండి. ఇప్పటికే పోసేసి ఉంటే పెడల్ ఎంత బాగున్నా కారు తీయకండి, లారీ మీద ఎక్కించి పంపండి. బాటిళ్లు ఎన్ని కొన్నా ఒకటి సీల్‌తో అలాగే ఉంచండి, ఎవరు ఎంత మర్యాదగా అడిగినా తీయొద్దు. నేను ప్లాట్‌ఫారం వాళ్లకీ, వినియోగదారుల కమిషన్‌కీ రాస్తున్నా, ఆ వీడియో, చాట్ ఫోటోలు అన్నీ జతచేసి.

కారు ఇంకా స్టాండ్ల మీదే ఉంది. మూడో బాటిల్‌కి టేపు చుట్టి కవర్లో పెట్టా. చుట్టే ముందు తమ్ముడు నాలుగు చుక్కలు తీసుకెళ్లి గేటు మడతబందులకి వేశాడు. రెండేళ్లుగా కిర్రుమనే గేటు ఇప్పుడు చప్పుడు చేయడం లేదు.