ఎల్‌సీక్, ఎల్‌ఎల్‌సీక్, పీరీడ్: పెద్ద ఫైళ్లకి ఏది మేలు?

మధురవాడలో మా పక్క టీమ్ కుర్రాళ్లకి ఈ మధ్య ఇదే గొడవ. ఫిషింగ్ హార్బర్ దగ్గర కెమెరా రికార్డింగ్‌కి పెట్టిన పాత 32 బిట్ ఆర్మ్ బోర్డులో ఫైలు 2 జీబీకి చేరగానే రాయడం ఆగిపోతోంది, కార్డులో చూస్తే చోటు బోలెడు. కారణం పాతదే. మామూలుగా కంపైల్ చేస్తే అక్కడ ఫైల్లో చోటుని (ఆఫ్‌సెట్‌ని) పెట్టుకునే ఆఫ్‌_టి అనే టైపు 32 బిట్లే, అందులో ఒకటి ప్లస్/మైనస్ గుర్తుకి పోతుంది కాబట్టి 2,14,74,83,647 బైట్లు దాటాక ఎల్‌సీక్ (ఫైల్లో చదివే, రాసే చోటుని జరిపే కాల్) ఆ చోటుని చెప్పలేకపోతుంది, ఈఓవర్‌ఫ్లో (విలువ పట్టడం లేదనే) ఎర్రర్ ఇస్తుంది.

ఒకడు ఎక్కడో చదివి ఎల్‌ఎల్‌సీక్ పట్టుకొచ్చాడు. లైనక్స్ కెర్నెల్లో అది నిజంగానే ఉంది: 64 బిట్ల ఆఫ్‌సెట్‌ని పై సగం, కింది సగం అని రెండు ముక్కలుగా తీసుకుని, చేరిన చోటుని పాయింటర్ ద్వారా చెబుతుంది. పని చేస్తుంది, కానీ మనం నేరుగా పిలవాల్సింది కాదు. లైనక్స్ సి లైబ్రరీ జీలిబ్‌సీలో అదే పేరుతో ఉన్న ఫంక్షన్‌కి హెడర్లో ప్రోటోటైప్ (ఏం తీసుకుని ఏం ఇస్తుందో చెప్పే లైను) ఉండేది కాదు, పాత కంపైలర్ ఇంట్ అనుకుని తిరిగొచ్చిన విలువని సగానికి కోసేసేది, పైగా చిన్న ఫైళ్లతో టెస్ట్ చేస్తే అంతా బాగానే కనిపించేది, అదీ అసలు టెన్షన్. జీలిబ్‌సీ 2.28 నుంచి కొత్తగా లింక్ చేసే ప్రోగ్రాములకి అది అసలు దొరకదు. లైనక్స్ దాటితే దాని మీద ఆశ పెట్టుకోకండి.

నా ఓటు ఎల్‌సీక్‌కే. _ఫైల్‌_ఆఫ్‌సెట్‌_బిట్స్ మాక్రోని 64గా పెట్టి కంపైల్ చేయండి, ఆఫ్‌_టి పెద్దదవుతుంది, ఓపెన్ కూడా పెద్ద ఫైళ్లకి ఒప్పుకుంటుంది, అవసరమైన చోట ఎల్‌ఎల్‌సీక్‌ని లైబ్రరీయే పిలుచుకుంటుంది. మాక్రో మాత్రం కోడంతటికీ ఒకేలా ఉండాలి. స్ట్రక్చర్లో ఆఫ్‌_టి ఉన్న లైబ్రరీ ఒకటి పాత పద్ధతిలో కంపైల్ అయి ఉంటే రెండు వైపులా సైజులు కలవవు, ఆ బగ్ వెతకడం నరకం. లాగ్‌లో ఆఫ్‌సెట్ ప్రింట్ చేసేచోట పర్సెంట్ డి (ఇంట్‌కి వాడేది) ఉంటే అదీ మార్చండి. ఎల్‌సీక్64 కూడా ఉంది, 32 బిట్, 64 బిట్ ఆఫ్‌సెట్లు రెండూ ఒకే సోర్స్ ఫైల్లో కలపక తప్పనప్పుడు తప్ప దాని జోలికి పోనక్కర్లేదు.

ఒకే ఫైల్ డిస్క్రిప్టర్‌ని (తెరిచిన ఫైలుకి సిస్టమ్ ఇచ్చే నంబర్ని) రెండు మూడు థ్రెడ్లు చదువుతుంటే లెక్క వేరు. ఒకటి ఎల్‌సీక్ చేసి రీడ్ చేసేలోపు ఇంకొకటి ఆఫ్‌సెట్‌ని జరిపేస్తుంది. అక్కడ పీరీడ్ వాడండి, చోటు కాల్‌లోనే చెబుతారు, ఫైలు ఆఫ్‌సెట్ కదలదు. మాక్రో దానికీ కావాలి. పైపులు, సాకెట్ల మీద మాత్రం ఇవేవీ పనిచేయవు, ఈఎస్‌పైప్ ఎర్రర్ వస్తుంది.