డ్రాగన్ క్వెస్ట్ 11 ఎస్: ‘న్యూ గేమ్’ నొక్కేముందే తేల్చుకోవాల్సిన సంగతులు

రాక్షసులతో పోరాడుతూ, లెవెళ్లు పెంచుకుంటూ పెద్ద కథలో ముందుకు సాగే జపాన్ వీడియోగేమ్ డ్రాగన్ క్వెస్ట్ 11. దాంతో ఉన్న ఇబ్బంది అది మరీ సులువుగా ఉండటమే. మామూలు సెట్టింగుల్లో మొదలుపెడితే మొదటి పదీ ఇరవై గంటలు గట్టి దెబ్బ తగలదు. దారిలో కనబడిన ప్రతిదాన్నీ కొట్టుకుంటూ పోయేవాళ్లకి లెవెళ్లు వాటంతటవే పెరుగుతాయి, సంచిలో మందులు సంచిలోనే ఉండిపోతాయి. ‘అందరూ తెగ మెచ్చుకున్నారు, నాకేమో నిద్రొస్తా ఉంది’ అని సగంలో వదిలేసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే వదిలేస్తారు.

దీనికి మందు ఆటలోనే ఉంది, కాకపోతే ఒక్కసారే దొరుకుతుంది. కొత్త ఆట మొదలుపెట్టేటప్పుడు ‘డ్రాకోనియన్ క్వెస్ట్’ అని ఒక జాబితా వస్తుంది. అందులో ‘స్ట్రాంగర్ మాన్‌స్టర్స్’ ఒక్కటి ఆన్ చేయండి. రాక్షసుల బలం పెరుగుతుంది, దాంతో బఫ్‌లు (మన బలం పెంచేవి), డీబఫ్‌లు (శత్రువు బలం తగ్గించేవి), కవచాలు అన్నిటికీ పని పడుతుంది. భారం ఎక్కువైతే చర్చిలోనో, దేవత విగ్రహం దగ్గరో దాన్ని తీసేయొచ్చు. తీసేశాక మళ్లీ పెట్టుకోవడం మాత్రం కుదరదు. అందుకే ముందు పెట్టుకుని తర్వాత తీసేయడమే తెలివైన పని. సులువు పోట్లాటల్లో అనుభవం పాయింట్లు తగ్గించే ఎంపిక ఈ రకం ఆటలు ముందే ఆడినవాళ్లకి సరిపోతుంది. కొట్లలో కొనకూడదు, కవచం వేసుకోకూడదు అనే రెండూ మొదటిసారికి వద్దు. ‘షైపాక్స్’ అయితే ఉత్త అల్లరి: హీరోకి సిగ్గు ముంచుకొచ్చి ఉన్నట్టుండి పని చేయడం మానేస్తాడు. రెండోసారి ఆడేటప్పుడు నవ్వుకోవడానికి బాగుంటుంది.

జపాన్‌లో ఈ ఆట 2017 జులై 29న ప్లేస్టేషన్ 4, నింటెండో 3డీఎస్ మీద వచ్చింది. ఇక్కడ చెబుతున్నది దాని పెంచిన రూపం, ‘ఎస్’. అది 2019 సెప్టెంబరులో స్విచ్ మీదికి, 2020 డిసెంబరులో ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్, పీసీల మీదికి వచ్చింది. ఈ సిరీస్‌లో 1986లో వచ్చిన మొదటి ఆట నుంచీ కథ, రూపకల్పన యూజీ హొరీది, బొమ్మలు అకీరా తొరియామావి, సంగీతం కోయిచీ సుగియామాది. సుగియామా 2021లో, తొరియామా 2024లో పోయారు. ముగ్గురూ ఉండగా విడుదలైన, పేరులో నంబరున్న చివరి ఆట ఇదే.

పోట్లాట వంతులవారీగా సాగుతుంది. మనం మెనూలో ఆలోచించుకునేంతసేపూ ఎదుటివాడు కొట్టడు. ‘ఫ్రీ ఫార్మ్’ కెమెరా పెడితే పోట్లాట మధ్యలో అటూఇటూ తిరగొచ్చు గానీ, ఎక్కడ నిలబడ్డా తగిలే దెబ్బ మారదు. అది మోజు తీర్చుకోవడానికి తప్ప ఎందుకూ కాదు, ‘క్లాసిక్’ పెట్టుకోండి. కొత్తవాళ్లు పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. హీరో తప్ప మిగతావాళ్లు మొదట్నుంచీ ‘ఫైట్ వైజ్లీ’ మీద ఉంటారు, అంటే వాళ్ల నిర్ణయాలు కంప్యూటరే తీసుకుంటుంది. దారిలో చిన్నచిన్న వాటికి అది చాలు, పని తొందరగా అయిపోతుంది. బాస్ (మామూలు రాక్షసులకన్నా గట్టి శత్రువు) దగ్గర మాత్రం ట్యాక్టిక్స్‌లోకి వెళ్లి అందరినీ ‘ఫాలో ఆర్డర్స్’కి మార్చాలి. లేకపోతే మనం అనుకున్న వరస ఒక్కటీ కుదరదు.

ఆ వరసలోనే ఉంది ఈ ఆట రుచి అంతా. ఎరిక్ అనే దొంగకుర్రాణ్ణే తీసుకోండి. వాడికి కత్తులు, బాకులు, బూమరాంగులు అన్నీ వచ్చు. చాలామంది నైపుణ్యాలు నేర్చుకోవడానికి వచ్చే పాయింట్లను కత్తుల మీదా, బూమరాంగుల మీదా పరిచేసి, వాడి దెబ్బలో పస లేదని పక్కన కూర్చోబెడతారు. అవే పాయింట్లు బాకుల వైపు పోస్తే మనిషే మారిపోతాడు. ముందు ‘కోబ్రా స్ట్రైక్’తో బాస్‌కి విషం ఎక్కించాలి. ఎక్కకపోతే మళ్లీ కొట్టాలి. ఎక్కిన తర్వాతి వంతులో ‘డివైడ్’ వాడితే ఎరిక్‌కి ఇద్దరు నకళ్లు లేస్తారు. ఆ తర్వాతి వంతులో ‘విక్టిమైజర్’. విషమెక్కినవాడి మీద ఈ దెబ్బ ఆరు రెట్లు పడుతుంది, పైగా నకళ్లతో కలిపి మూడుసార్లు. ఈలోగా జట్టులోనే ఉండే సిల్వాండో చేత ‘ఊంఫిల్’ వేయిస్తే ఎరిక్ దాడిబలం ఇంకా పెరుగుతుంది. మూడు వంతులు ఓపిక పట్టినందుకు బాస్ ప్రాణంలో పెద్ద ముక్క ఒక్కసారే ఎగిరిపోతుంది. విషం ఎక్కని బాస్‌లు కూడా ఉంటారు, వాళ్ల దగ్గర వేరే దారి వెతుక్కోవాల్సిందే. పాయింట్లు తప్పుగా పెట్టామని దిగులు అక్కర్లేదు. సేవ్ చేసుకునే చోటే పాయింటుకు 20 బంగారు నాణేల చొప్పున కట్టి వెనక్కి తీసుకోవచ్చు.

ఆయుధాలు మనమే చేసుకునే కొలిమి ఇంకో మంచి సరదా. ఇనుము వేడిమీద ఉన్నప్పుడు సుత్తి గట్టిగా దిగుతుంది, దెబ్బ దెబ్బకీ వేడి తగ్గుతుంది, చల్లారేకొద్దీ దెబ్బ మెత్తబడుతుంది. ప్రతి గడికీ ఒక గీత ఉంటుంది, దాన్ని పచ్చ గుర్తు దాకా తేవాలి, దాటితే చెడుతుంది. కాబట్టి ఒకేసారి ఎక్కువ గడుల మీద పడే దెబ్బలు వేడిగా ఉన్నప్పుడే కొట్టేసుకుని, చివరి చిన్న సర్దుబాట్లు ఇనుము చల్లబడ్డాక చేయాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి, ఆఖరి దెబ్బకి గీత దాటించేస్తారు. సుత్తి దెబ్బలకి ఖర్చయ్యే ఏకాగ్రత పాయింట్లు హీరో లెవెల్‌తో పెరుగుతాయి. పెద్ద ఆయుధం తొందరపడి చేసి అరకొరగా వస్తే, ముత్యాలు ఖర్చుపెట్టి మళ్లీ కొలిమిలో పెట్టొచ్చు. అన్నీ కుదిరితే నాణ్యత ‘ప్లస్ 3’ దాకా పోతుంది. ఎస్‌లో ఈ కొలిమిని ఎక్కడైనా తెరవొచ్చు, కొట్లలో దొరికే ముడిసరుకు అక్కడికక్కడే కొనొచ్చు.

ఇక లోపాలు. సంగీతం మొదటిది. బయట తిరిగేటప్పుడు వచ్చే పాట వినసొంపుగానే ఉంటుంది గానీ, అరవై గంటలు అదే పాట వినాలంటే చెవులు మొత్తుకుంటాయి. ఎస్‌లో నిజమైన ఆర్కెస్ట్రా ఉంది, అది కొంత నయం. సెట్టింగుల్లో డ్రాగన్ క్వెస్ట్ 8 పాటలకి మార్చుకునే వీలూ ఉంది, విసుగొచ్చినప్పుడు వాడుకోండి.

రెండోది భాష. మాటలన్నీ ఇంగ్లీషే, పైగా ఊరికో యాస. గొండోలియాలో ఇటాలియన్ విరుపు, ప్యూర్టో వాలోర్‌లో స్పానిష్ విరుపు, లోనలులులో ఇంకో రకం, హొట్టో ఊళ్లోనైతే జనం హైకూల్లో మాట్లాడతారు. నెల్లూరు యాసను ఉన్నదున్నట్టు అక్షరాల్లో పెడితే శ్రీకాకుళం మనిషి ఎంత తడుముకుంటాడో, తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషు పట్టుకున్నవాళ్లు ఇక్కడ అంత తడుముకోవాలి. కథ అర్థం కాకుండా పోదు, జోకులు మాత్రం సగం చేజారతాయి. గొంతులు జపాన్ భాషలో పెట్టుకోవచ్చు, చదవడం తప్పదు. వెకిలి హాస్యం కూడా అక్కడక్కడా ఉంది, పక్కన పదేళ్లలోపు పిల్లలు కూర్చుని చూసే ఇంట్లో అది గమనించుకోండి.

రెండో భాగంలోకి వచ్చాక పాత రాక్షసులే రంగు మార్చుకుని మళ్లీ ఎదురవుతారు, ఇది పచ్చి బద్ధకం. హీరో నోరు విప్పడు. పక్కనున్నవాళ్లు కంటతడి పెట్టే ఘట్టంలోనూ బొమ్మలా నిలబడటం ఏం బాగోదు.

ఆటను పాతకాలం 2డీ బొమ్మల్లోకి మార్చుకునే వీలు కూడా ఎస్‌లో ఉంది. మెరుపులాంటి ఆలోచన, కానీ నడిపిన తీరు మోటు. మారిస్తే ఆ అధ్యాయం మొదటికి వెళ్లాలి. లెవెళ్లు, సామాను మాత్రం ఉంటాయి. 2డీలో రాక్షసులు కనబడకుండా మీద పడతారు. అధ్యాయం అయిపోయిన వెంటనే తప్ప మధ్యలో మార్చకండి.

కావలి, ఒంగోలు లాంటి చోట్ల కార్తీక మాసం వాయుగుండాల్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. ప్రాంతం మారినప్పుడల్లా ఆటోసేవ్ పడుతుంది, అయితే పెద్ద గుహలో గంటసేపు తిరిగి విగ్రహం దగ్గర సేవ్ చేయకపోతే ఆ గంట పోయినట్టే. యూపీఎస్ లేని టీవీ మీద ఆడేవాళ్లు కనబడిన ప్రతి క్యాంపులోనూ సేవ్ చేసుకోవాలి. క్యాంపులో పడుకోవడానికి పైసా ఖర్చు లేదు, పైగా లెవెల్ పెరిగిన ప్రతిసారీ ప్రాణం, మంత్రశక్తి రెండూ నిండుతాయి. ఇది అన్‌రియల్ ఇంజిన్ 4 అనే సాఫ్ట్‌వేర్ మీద కట్టిన ఆట. రోహిణి ఎండల్లో ల్యాప్‌టాప్ మీద ఆడితే ఫ్యాన్ గోల పెడుతుంది, ఫ్రేమ్ రేటుకి (సెకనుకి తెర మీద పడే బొమ్మల లెక్కకి) కళ్లెం వేస్తే వేడి తగ్గుతుంది. పీసీలో 40 జీబీ దాకా జాగా ఉంచుకోవాలి.

ఒక జాగ్రత్త: చివర్లో పేర్లు పడగానే ఆపేయకండి. కథకి అసలు ముగింపు ఆ తర్వాతి మూడో భాగంలోనే ఉంది. పడిన బాధల్లో కొన్నిటిని అది తేలిక చేసేస్తుందని గునిసేవాళ్లున్నారు, ఆ మాటలో కొంత నిజముంది. గట్టి బాస్‌లు, మంచి ఆయుధాలు మాత్రం అక్కడే దొరుకుతాయి.

కొనేటప్పుడు పాత డిస్కుల కొట్లో అట్ట మీద ‘ఎస్’ అక్షరం ఉందో లేదో చూడండి. లేకపోతే అది జపాన్ బయట 2018లో వచ్చిన పాత కూర్పు: 2డీ ఉండదు, జపాన్ గొంతులుండవు, ఆ సేవ్ ఎస్‌లోకి రాదు. బొమ్మల నాణ్యత మాత్రం ఎస్‌కన్నా ఆ పాతదాంట్లోనే మేలు, ఎందుకంటే ఎస్‌ని స్విచ్ కోసం తగ్గించిన బొమ్మల నుంచే పీసీకీ, ప్లేస్టేషన్‌కీ తెచ్చారు. డబ్బులు పెట్టే ముందు ఉచిత డెమో దించుకోండి. అందులోనే గంటల తరబడి ఆడొచ్చు, తర్వాత ఆట కొంటే ఆ సేవ్ అలాగే ముందుకు వస్తుంది. అందుకే పైన చెప్పిన కఠినపు ఎంపికను డెమోలోనే ఆన్ చేసుకోవాలి.